శరచ్చంద్ర చట్టోపాధ్యాయుడు: ఆయన జీవితము, చిత్రరూపము దాల్చిన నవలలు

మహనీయుల చరిత్రములు ఒక కులమునకుగాని ఒక ప్రాంతమునకుగాని సొత్తులు కావు. మన మహాసభా సంచికలయందు మన కులజులైన దాతల యొక్కయు విద్వాంసుల యొక్కయు జీవితములను ప్రకటించుట ఆచారముగా నున్నది. ఈమాఱు ఆ యాచారమును కొంచెము దాటి, మన కులమువాడును తెలుగువాడును గాని యొక వంగదేశీయుని చరిత్రమును పాఠక మహాశయుల కర్పించుచున్నాము. ఇందులకు కారణము లేకపోలేదు. ఈయన వ్రాసిన కథలను చూచి కన్నీరు విడువని తెలుగు గృహము అరుదు. ఆ కన్నీటికి మూలమైన దోషము మన గృహములయందును ఉన్నది.

శరచ్చంద్రుడు 1876వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీని వంగదేశమున హుగ్లీ మండలములోని దేవానందపురమను గ్రామమున జన్మించెను. తండ్రి మోతీలాల్, తల్లి భువనమోహిని. తండ్రి విద్యావంతుడు, భావుకుడు. కాని యే యుద్యోగమునందును నిలువలేదు. కథలు, నవలలు వ్రాయ నారంభించి, దేనిని ముగింపక విడిచిపెట్టెడివాడు. ఆ యసంపూర్ణ రచనలను చదివి, వాని కొనలు ఎట్లుండునోయని రాత్రులయందు ఆలోచించుటయే బాలుని ప్రథమ సాహిత్యాభ్యాసమయ్యెను. ఇంట దారిద్ర్యము మిక్కుటమగుటచే కుటుంబము భాగల్పురమునందలి మాతామహుని యింట తలదాచుకొనవలసివచ్చెను.

అచ్చటనే 1894లో శరత్తు ప్రవేశపరీక్షయం దుత్తీర్ణుడయ్యెను. మఱుసటి యేడు తల్లి మరణించెను. పై పరీక్షకు కట్టవలసిన రుసుమునకు సొమ్ము లేక చదువు అంతటితో నిలిచిపోయెను. నేడు మన విద్యానిధికి చందాలొసగుచున్న దాతలు ఈ సంగతిని గమనింపవలెనని కోరుచున్నాము. అట్టి మేధావికి సైతము పరీక్షా రుసుము మాత్రము లేకపోయినందున కళాశాల ద్వారము మూతపడినది.

భాగల్పురమున నున్న దినములయందే ఆయన మిత్రులతో గూడి చేతివ్రాత పత్రికలు నడపుచు బడదీదీ, చంద్రనాథ్, దేవదాసు మున్నగు కథలు వ్రాసెను. అప్పటికి ఇరువదియైదేండ్లు నిండలేదు. పిదప కొంతకాలము సన్న్యాసివేషమున దేశాటనము చేసెను. తండ్రి మరణవార్త విని తిరిగివచ్చి, బ్రతుకుతెరువు గానక 1903లో బర్మాదేశమునకు ఓడనెక్కెను. ప్రయాణమునకు ముందు ఒక కథ వ్రాసి, మేనమామయగు సురేంద్రనాథ్ పేరిట, కుంతలీన్ అను తలనూనె వ్యాపారస్థులు ఏటేట నిచ్చు కథాబహుమానమునకు పంపెను. ఆ బహుమానము దానికే లభించెను. కాని గెలిచినవానిపేరు లోకమునకు తెలియలేదు.

రంగూనులో ఆయన ప్రభుత్వ లెక్కల కార్యాలయమున సామాన్యోద్యోగిగా సుమారు పదుమూడేండ్లు గడపెను. యంత్రశాలల పనివారు, వడ్రంగులు నివసించు పేటలో కాపురముండి, వారికి ఉత్తరములు వ్రాసిపెట్టుచు, హోమియోపతి మందు లిచ్చుచు, వారి తగవులు తీర్చుచు వారిలో నొకడయ్యెను. ఆ పేటలోనే యొక వంగీయ పనివాడు తన కుమార్తెను సొమ్మునకాశపడి త్రాగుబోతైన వృద్ధునకు కట్టబెట్టజూడగా, ఆ కన్య శరత్తును శరణు వేడెననియు, ఆయన ఆమెనే వివాహమాడెననియు జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. ఆమె పేరు శాంతి. ఆ దాంపత్యము ఎక్కువకాలము నిలువలేదు. 1908లో ప్లేగు వ్యాధి ఆమెను, పసికందగు కుమారుని గొనిపోయెను. తరువాత ఆయన హిరణ్మయీదేవిని చేపట్టి, ఆమెకు స్వయముగా చదువు నేర్పెను.

ఇట్లుండగా 1907లో, ఆయన యెఱుగకయే, మిత్రులు బడదీదీని భారతి యను వంగపత్రికయందు ప్రకటించిరి. మొదట రచయిత పేరు లేకుండుటచే పాఠకులు అది రవీంద్రనాథ ఠాకూరుగారి రచన యని భ్రమించిరి. 1912లో ఇల్లు అంటుకొని ఆయన పుస్తకములును, చరిత్రహీన్ నవల వ్రాతప్రతియు భస్మమయ్యెను. ఆయన నిరుత్సాహపడక ఆ నవలను మరల వ్రాసెను. 1916లో ఆరోగ్యము చెడి ఉద్యోగము మాని స్వదేశమునకు వచ్చునప్పటికి ఆయన పేరు వంగదేశమున ఇంటింట వినబడుచుండెను.

పిమ్మట వెలువడిన గ్రంథములు పెక్కు. శ్రీకాంత్ నాలుగు భాగములు 1917 మొదలు 1933 వఱకు వచ్చెను. పల్లీసమాజ్, దత్తా, గృహదాహ్, దేనాపావనా, శేషప్రశ్న మున్నగునవి ప్రసిద్ధములు. దేశసేవయందును ఆయన వెనుదీయలేదు. 1921 నుండి 1936 వఱకు హౌరా జిల్లా కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షుడుగా నుండెను. 1926లో వెలువడిన పథేర్ దాబీని ఆంగ్లప్రభుత్వము మఱుసటి యేడు నిషేధించెను. ఆ నిషేధము 1939లోగాని తొలగలేదు. ఢక్కా విశ్వవిద్యాలయము 1936లో ఆయనకు డి.లిట్. బిరుదమొసగెను. పరీక్షా రుసుము లేక చదువు మానినవానికి ఇట్లు సరస్వతియే ఋణము తీర్చుకొన్నది. 1938వ సంవత్సరము జనవరి 16వ తేదీని కలకత్తాలో కాలేయపు పుట్టకురుపుచే ఆయన పరమపదించెను.

ఇక ఆయన కథలు తెరకెక్కిన విధమును చెప్పుదుము. మూగచిత్రముల కాలమందే, 1922లో, ఆంధారే ఆలో చిత్రముగా వచ్చెను. 1931లో న్యూ థియేటర్సువారు తమ మొదటి వంగ వాక్చిత్రమునకు దేనాపావనానే కైకొనిరి. 1935లో అస్సాము దేశపు గౌరీపుర జమీందారుల బిడ్డయగు ప్రమథేశ బారువా దేవదాసును వాక్చిత్రముగా తీసి తానే నాయకపాత్ర ధరించెను. అదే సంస్థ తీసిన హిందీ చిత్రమున సైగలు నటించి పాడెను. ఆ చిత్రమునకు ఛాయాగ్రాహకుడైన బిమల్ రాయి, ఇరువదియేండ్లకు, 1955లో, దిలీప్ కుమారుతో అదే కథను మరల తీసెను. ఆయనయే పరిణీతను, విరాజ్ బహూను గూడ చిత్రించెను. 2002లో సంజయ్ లీలా భన్సాలీ దేవదాసును మరల తెఱపైకి దెచ్చెను. శ్రీకాంత్ దూరదర్శన్‌లో ధారావాహికగా వచ్చెను.

మన భాషలో ఈ కీర్తికి మొదట బాట వేసినవారిలో తెనాలివాసి చక్రపాణిగారు ముఖ్యులు. ఆయన యనువాదములు చదివి, శరత్తు తెలుగువాడే యని తలచినవారు గలరు. 1953లో వినోదా సంస్థవారి దేవదాసు వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున వెలువడెను. అక్కినేని నాగేశ్వరరావుగారు దేవదాసు, సావిత్రిగారు పార్వతి, లలితగారు చంద్రముఖి. సముద్రాల రాఘవాచార్యులుగారి పాటలు ఘంటసాలగారి కంఠమున నేటికిని జీవించియున్నవి. వానికి స్వరములు గూర్చిన సుబ్బరామన్‌గారు చిత్రము వెలువడుటకు ముందే 1952లో దివంగతులైరి. బిందూర్ ఛేలే ముద్దుబిడ్డగాను (1956), నిష్కృతి తోడికోడళ్లుగాను (1957), దత్తా వాగ్దానముగాను, బడదీదీ బాటసారిగాను (1961) తెలుగు వేషము దాల్చెను. 1974లో విజయనిర్మలగారు దేవదాసును మరల తీసిరి.

ఇన్ని చిత్రములు వచ్చినను, మూలగ్రంథమును చదివినవారికి ఒక సంగతి తోచకమానదు. చిత్రములు చూచినవారి మనస్సున నిలిచినది మద్యపాత్రయు, విరహగీతమును. గ్రంథమున కథకు మూలము వేఱు. పార్వతి పితామహి పెండ్లిమాట నెత్తగా దేవదాసు పెద్దలు త్రోసిపుచ్చిరి. కన్యకు సొమ్ము పుచ్చుకొను వంశమనియు, పొరుగింటి సంబంధమనియు, తమ యంతస్తునకు తగదనియు వారి యాక్షేపణ. అవమానితుడైన పార్వతి తండ్రి, పంతమునకై, ఎదిగిన సంతానముగల ధనవంతుడగు జమీందారునకు కుమార్తె నిచ్చెను. ఒక ఇంటివారిది గర్వము, రెండవ ఇంటివారిది రోషము. ఈ రెంటి నడుమ రెండు జీవితములు నలిగినవి. కుర్రవాడు సకాలమున నోరువిప్పి నిలువలేకపోయెను. ఆ దౌర్బల్యమునకు గ్రంథకర్త మన్నింపు చూపలేదు. ఆ గ్రంథము తన యౌవనపు చాపల్యమని యెంచి, దానిని ప్రకటింపవద్దని మిత్రునకు వ్రాసినవాడును ఆయనయే. కాని 1917లో అచ్చుపడిన పిమ్మట అది ఆయన యధీనమున నిలువలేదు.

కథాంతమును గూడ చూడుడు. బారువా చిత్రమునను, 2002 నాటి చిత్రమునను పార్వతి పరుగెత్తుచుండగా మూతపడు ద్వారము ప్రేక్షకులకు మఱపురాదు. గ్రంథమున అంతకంటె కఠినమైన మాట యున్నది. పార్వతి ఇంటి వాకిట మరణించిన దేవదాసు బ్రాహ్మణుడని తెలిసియు, పరదేశి శవమును ముట్టుటకు ఆ గ్రామమున నెవ్వరును రాలేదు. సంఘము అంటరానివారని వెలిగా నుంచినవారే ఆ శవమును గొనిపోయి సగము కాల్చి విడిచిరి. కులాభిమానము పెండ్లినాడు అడ్డువచ్చినది; చావునాడు తోడురాలేదు. ఒక కులసంఘము ప్రచురించు సంచికలో ఈ వాక్యమును వ్రాయుట మాకు సులభము కాదు. అయినను వ్రాయక తప్పదు.

ఇదే వ్యాధిని ఆయన ఇతర గ్రంథములయందును చూపెను. అరక్షణీయాలో తండ్రిలేని నల్లని పిల్లను అలంకరించి ముదుసలి వరులయెదుట నిలువబెట్టుదురు. బామునేర్ మేయేలో వంశగౌరవమే పీటలమీది పెండ్లిని చెఱచును. మన గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమున ఎత్తిచూపిన దోషమును ఇట్టిదే. వినోదావారే 1955లో ఆ నాటకమును గూడ చిత్రముగా తీసిరి.

నాడు కన్యకు సొమ్ము పుచ్చుకొనిరి. నేడు వరునకు పుచ్చుకొనుచున్నారు. వరకట్న నిషేధ శాసనము 1961లో వచ్చినది. మన సభలయందును తీర్మానములు చేయుచున్నాము. తీర్మానమును బలపఱచిన హస్తమే ఇంటికడ కట్నపు మొత్తమును లెక్కించుట మన మెఱుగని విషయము కాదు. తెఱపై పార్వతికొఱకు విలపించి, ఇంటికివచ్చి అంతస్తుపేరిట సంబంధము విడగొట్టుటకంటె విపరీతము మఱేమున్నది?

కావున మాన్యులగు పోషకులకు మేము రెండు విన్నపములు చేయుచున్నాము. సంఘ గ్రంథాలయమునందు శరత్ గ్రంథముల తెలుగు అనువాదములను చేర్చుడు. చిత్రము చూచినవారు మూలమును గూడ చదువగలరు. విద్యానిధిని పెంచుడు, పరీక్షా రుసుమునకై యే బిడ్డయు చదువు మానకుండును. శరచ్చంద్రునకు విగ్రహములకంటె ఈ రెండును తగిన స్మారకములని మా విశ్వాసము. మన యువజనులు పెండ్లిమాటలనాడు మౌనము వహింపక న్యాయమువైపున నిలుతురుగాక. పెద్దలు వారి మాటకు చెవి యొగ్గుదురుగాక. మన సంఘము అట్లు అభివృద్ధి చెందుగాక.