అల్లూరి: చేతిలో విల్లంబులు.. గురి మాత్రం తుపాకుల మీద!

పట్టిసీమ నుంచి గోదావరిలో ఎగువకు వెళ్తే పాపికొండలు. వాటికి తూర్పున రంప మన్యం. 1882 అటవీ చట్టంతో అక్కడ పోడు సాగుకు అడ్డుకట్ట పడింది. ఆపై ఘాట్ రోడ్డు పనుల్లో వెట్టిచాకిరీ. ఆ గోడు విని గిరిజనులకు అండగా నిలిచారు అల్లూరి సీతారామరాజు.

వాళ్ల ఆయుధం విల్లంబులే. బాణానికి చప్పుడుండదు, అడవిలోనే తయారవుతుంది. కానీ రైఫిల్ తూటా అంత దూరం పోదు. ఆ లోటు తీర్చడానికే రాజు పోలీస్ స్టేషన్ల మీద పడ్డారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో 26 తుపాకులు, దాదాపు 2,500 తూటాలు దక్కాయి.

అయినా విల్లును పక్కన పెట్టలేదు. తుపాకులు అందరికీ చాలవుగా! సెప్టెంబర్ 24న దామనపల్లి దగ్గర మాటు వేసి కొట్టిన దెబ్బకు కవార్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. మలబార్, అస్సాం బలగాలు దిగినా పోరు దాదాపు రెండేళ్లు సాగింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు 26 ఏళ్లే.

2022లో భీమవరంలో 30 అడుగుల కాంస్య విగ్రహం పెట్టారు. అన్ని తుపాకులు ఎత్తుకొచ్చినా, జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం ఆ విల్లంబులనే.