బోర్డు కనిపించకపోయినా...

కొయ్యూరు నుంచి ఒక్క పూట ప్రయాణం విజయనగరం. అక్కడి మహారాజా సంగీత కళాశాలకు 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామినాయుడు గారికి చిన్నప్పటి నుంచీ చూపు సరిగా లేదు. 1893లో బెంగళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగారు. చూపు వల్ల బడిచదువు సాగలేదు. అన్నగారు దిగులుపడుతూ కూర్చోలేదు, తమ్ముడికి వయొలిన్ నేర్పారు. ప్రోగ్రెస్ కార్డు చూసి కంగారుపడే మనకు ఆ అన్నగారి మీద కాస్త అసూయ కలగాలి! 1919లో విద్యార్థిగా చేరదామని విజయనగరం వెళితే, ఆయన వాయించింది విని అధ్యాపకుడిగానే తీసుకున్నారని చెబుతారు. అప్పటికి వయసు 26. గాయకుల పక్కన వాయించే వయొలిన్‌తో ఆయన ఒక్కరే పూర్తి కచేరీలు చేశారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1964లో కన్నుమూసేనాటికి కూడా అభిమానులకు ఆయన ఫిడేలు నాయుడుగారే.