జీర్ణోద్ధరణమున సంప్రదింపు : గులాం యజ్దానీ జీవితము

శిథిలమైన కట్టడమును ఉద్ధరించుట నూతనముగ నిర్మించుటకంటె కష్టతరమైన కార్యము. అందుచేతనే మయమతము వంటి శిల్పగ్రంథములు జీర్ణోద్ధరణమును ప్రత్యేక విషయముగ గ్రహించినవి. ఏది నిలుపదగినది, ఏది మార్చదగినది అను నిర్ణయము ఒక్కని బుద్ధికి విడువదగినది కాదు. ఈ వివేకము ఆధునిక కాలమున ఎట్లు ప్రవర్తిల్లినదో తెలియుటకు గులాం యజ్దానీగారి జీవితము చక్కని నిదర్శనము.

యజ్దానీగారు 1885లో ఢిల్లీలో జన్మించిరి. అరబ్బీ, పారసీక భాషలలో పండితులు. 1914లో హైదరాబాదు సంస్థానమున పురావస్తుశాఖ ఏర్పడగా దానికి ప్రథమాధ్యక్షులై 1943 వరకు ఆ భారమును వహించిరి. అజంతా, ఎల్లోరా, బీదరు, ఓరుగల్లు, పాలంపేట మొదలైన భిన్నమతముల, భిన్నభాషల కట్టడములు ఆ శాఖ రక్షణలో నుండెను. అన్నియు తమకే తెలియునని యజ్దానీగారు తలంపలేదు. 1915లో మస్కి శాసనము బయల్పడినది. అశోకుని నామము స్పష్టముగ కనబడిన తొలి ధర్మలిపి యది. దాని పరిష్కరణము హెచ్. కృష్ణశాస్త్రిగారిచే జరిగి శాఖా గ్రంథమాలలో ప్రథమ కుసుమముగ వెలువడెను. అజంతా చిత్రములందలి కథల నిర్ణయమునకు ఫ్రెంచి పండితుడైన ఫూషే సహాయము లభించెను. తెలంగాణా శాసనముల సంపుట మొకటి పి. శ్రీనివాసాచార్యులవారి సంపాదకత్వమున 1940లో ప్రకటితమైనది.

సంప్రదింపునకు నిజమైన పరీక్ష అజంతాలో కలిగెను. అచటి కుడ్యచిత్రములు గోడను వీడి రాలుచుండెను. 1920 నుండి 1922 వరకు ఇటలీ నిపుణులగు చెక్కోని, ఒర్సీనీలు వాటిని స్థిరపరచిరి. రాలనున్న పూత నిలిచినది. కాని వారు వాడిన లక్క పూత కాలక్రమమున పచ్చబడి, నల్లబడి, వర్ణములను మరుగుపరచెను. దానిని తొలగించు శ్రమ తరువాతి రసాయనశాస్త్రజ్ఞులపై పడెను. నిపుణుల సలహాయు ప్రమాదరహితము కాదని దీనివలన తేలుచున్నది. అట్లని సలహాయే వలదనుట యుక్తము కాదు. చేసిన పనిని, వాడిన ద్రవ్యమును లిఖితముగ నిలిపినచో దోషమును తరువాతివారు గుర్తించి దిద్దగలరు. యజ్దానీగారు 1930 మొదలు 1955 వరకు నాలుగు భాగములుగ ప్రకటించిన అజంతా గ్రంథము చిత్రముల స్థితికి అట్టి సాక్ష్యమే.

మన ప్రాంతమునకు వారు చేసిన ఉపకారము మరియొకటి కలదు. 1213లో రేచర్ల రుద్రుడు నిర్మించిన పాలంపేట రామప్ప దేవాలయమును గూర్చి 1922లోనే వారు ప్రత్యేక గ్రంథము రచించిరి. ఆ యాలయము 2021లో ప్రపంచ వారసత్వ పట్టికలో చేరెను. అట్టి ప్రతిపాదనలను పరిశీలించి ప్రపంచ వారసత్వ సంఘమునకు అభిప్రాయము తెలుపునది ఐకోమాస్ అను సలహాసంస్థ. నాడు ఒక అధికారి స్వభావముగ నుండిన సంప్రదింపు నేడు నియమబద్ధమైన వ్యవస్థయైనది.

యజ్దానీగారికి 1959లో పద్మభూషణ పురస్కారము లభించెను. 1962లో వారు పరమపదించిరి. వారి జీవితమునుండి ప్రాచ్యవిద్యాభ్యాసులు గ్రహింపవలసినది యొకటి కలదు. ఆలయరక్షణమునకు ఏర్పడు సలహామండలులలో వాస్తునిపుణులతోపాటు ఆగమజ్ఞులకు, శాసనపండితులకు స్థానముండవలెనని మనము కోరుట న్యాయమే. అయితే పిలుపు వచ్చిననాడు శాస్త్రవచనము నొప్పగించుటతో తృప్తిపడక, ఆ రాతిని, ఆ సున్నమును కన్నులార చూచి, మన అభిప్రాయమును వ్రాసియిచ్చి, దానికి బాధ్యత వహింపగల సామర్థ్యము మనకును ఉండవలెను.