నిర్మల్ బొమ్మలకు నీడనిచ్చిన దొర

ఇచ్చోడ నుంచి నిర్మల్ వెళ్తూ మహబూబ్ ఘాట్ దిగేటప్పుడు ఒక్కసారి నిమ్మనాయుడిని తలుచుకోండి. 17వ శతాబ్దంలో నిర్మల్‌ను ఏలిన దొర ఆయన. ఊరికి ఆ పేరు ఆయన వల్లే వచ్చిందంటారు. కోటలు కట్టిన దొరలు ఎందరో ఉన్నారు. ఈయన నకాషీ కళాకారులను చేరదీసి పని చూపించారు. వాళ్లు మన అడవిలోని తేలికైన పొనికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముక్కలు అతికేవారు. పైన తెల్లసుద్ద, ఆ తర్వాత రంగులు. మా క్లాసులో ఒకడు నిర్మల్ జామపండును నిజంగానే కొరకబోయాడు!

నాయుడి కాలం పోయినా ఆ కుటుంబాలు ఇప్పటికీ చెక్కుతూనే ఉన్నాయి. పొనికి చెట్లే తగ్గిపోతున్నాయి. వచ్చే సెలవుల్లో పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. కర్ర బొమ్మయ్యేదాకా తొందరపెట్టకుండా చూడనివ్వండి.