గర్భస్థ శిశువునకు చెవియొగ్గిన అడోల్ఫ్ పినార్

ప్రసూతి వైద్యశాలలలో నర్సుల చేతియందు చిన్న బాకావంటి సాధనమొకటి కనిపించుచుండును. దాని వెడల్పైన కొసను గర్భిణి పొట్టపై ఆనించి, రెండవ కొసకు చెవినొగ్గి విందురు. తీగలు లేవు, విద్యుత్తుతో పనిలేదు. కొయ్యతోనో అల్యూమినియముతోనో చేసిన బోలుగొట్టము మాత్రమే. 1895లో దీనికి రూపము దిద్దినవాడు ఫ్రెంచి వైద్యుడు అడోల్ఫ్ పినార్. ఆ పరికరమునకు పినార్ పేరు అంటిపెట్టుకొని నిలిచినదిగాని, ఆ మనిషిని ఎరిగినవారు మనలో తక్కువ.

పినార్ 1844లో సేన్ నదీతీరమునగల మేరీ అను చిన్న ఊర జన్మించెను. పారిస్ నగరమున వైద్యము చదివి, స్టెఫాన్ టార్నియే కడ ప్రసూతిశాస్త్రమునందు ఆరితేరెను. నెలలు నిండక పుట్టిన శిశువులను వెచ్చని పెట్టెలలో ఉంచి బ్రతికించు పద్ధతిని పారిస్ ప్రసూతిశాలలో ప్రవేశపెట్టినవాడు ఈ టార్నియేయే. శిష్యుని దృష్టి మరియొక మెట్టు వెనుకకు, ఇంకను పుట్టని బిడ్డపైకి, మరలెను.

కంటికి కానరాని బిడ్డ క్షేమము తెలియుటెట్లు? ఆనాడు వైద్యునకున్నవి చేయి, చెవి. చేతితో పొట్టను తడవి శిశువు ఉన్న తీరును గుర్తించుటను, అడ్డముగానున్న బిడ్డను పైనుండియే త్రిప్పుటను వివరించుచు పినార్ 1878లో గ్రంథము వెలువరించెను. ఇక చెవి సంగతి. 1816లో లెనెక్ స్టెతస్కోపును కనిపెట్టెను. ఆయన మిత్రుడు కెర్గరడెక్, ఉమ్మనీటిలో బిడ్డ కదలునప్పటి సవ్వడి వినవచ్చునేమోయని దానిని గర్భిణి పొట్టపై ఆనించెను. వినబోయినది కదలిక, వినబడినది గుండె! 1821లో ఆ సంగతిని పండితులకు నివేదించుచు, ఆ చప్పుడులోని మార్పులనుబట్టి బిడ్డ ఆరోగ్యమును గ్రహింపవచ్చునా యని కూడ ఆయన ప్రశ్నించెను. ఆ వినికిడికి అనువైన సాధనమును మంత్రసానుల చేతికందించినది పినార్.

కదలికకును గుండెకును గల ఈ సంబంధము నేటికిని ప్రధానమే. ప్రాణవాయువు చాలనప్పుడు శిశువు తన శక్తిని దాచుకొనుటకై కదలికలు తగ్గించుకొనవచ్చును. ఆ సంగతి ముందుగా తెలియునది తల్లికే. నెలలు నిండినకొలది బిడ్డ కదలుట తగ్గునని పలువురు చెప్పుదురు, అది సరికాదు. కదలిక తీరు మారవచ్చునుగాని తగ్గరాదు. తగ్గినట్లు తోచినచో మరునాటికి వాయిదావేయక, వెంటనే వైద్యశాలకు పోవలెను. అచ్చట మొదట చూచునది గుండె కొట్టుకొనుచున్నదా యని. సాధారణముగా అది నిమిషమునకు 110 నుండి 160 సార్లు కొట్టుకొనును. అయితే పినార్ గొట్టము తెలుపునది ఆ క్షణపు సంగతి మాత్రమే. చప్పుడు వినబడినంతనే భయము తీరినదనుకొనరాదు. అందుచేతనే ఇప్పుడు యంత్రముతో కొంతసేపు గుండె వేగమును కాగితముపై గీయించి, దాని హెచ్చుతగ్గులను పరిశీలింతురు. అవసరమైనచో స్కానింగుతో బిడ్డ ఎదుగుదలను, ఉమ్మనీటిని చూతురు. ఇవన్నియు పినార్ తరువాత వచ్చినవి.

1889లో ఆచార్యపదవినొంది, బోదెలోక్ ప్రసూతిశాలకు ఆయన అధిపతి అయ్యెను. నా దృష్టిలో ఆయన చేసిన పనులలో గొప్పది గొట్టము కాదు, ఒక లెక్క. కాన్పు ఘడియవరకు నిలువుకాళ్లపై పనిచేసిన కూలిస్త్రీల బిడ్డలను, ముందుగా కొన్నాళ్లు విశ్రాంతి పొందినవారి బిడ్డలను తూచి పోల్చెను. విశ్రాంతి పొందిన తల్లుల బిడ్డలు సగటున 300 గ్రాములకు దరిదాపు ఎక్కువ బరువుండిరి. 1895లో ఈ లెక్కను వైద్యుల సభముందుంచి, గర్భిణికి విశ్రాంతి దయాధర్మము కాదు, హక్కు అని వాదించెను. ఫ్రాన్సులో 1909లో ప్రసవకాలమున ఎనిమిది వారములు పనిమానిన స్త్రీకి కొలువు పోకుండ చట్టము వచ్చెను; 1913లో విశ్రాంతికాలమునకు భత్యము కూడ ఏర్పడెను.

ఆయన భావములన్నియు మెచ్చదగినవి కావు. జాతిని మెరుగుపరతుమను సుజననవాదము ఆయనను ఆకర్షించెను. ఆ వాదము లోకమున ఎంత కీడు చేసినదో తరువాతి చరిత్ర చెప్పుచున్నది. 1919 నుండి 1928 వరకు పార్లమెంటు సభ్యుడుగానుండి, వివాహమునకు ముందు వరుడు ఆరోగ్యపత్రము చూపవలెనని 1926లో బిల్లు పెట్టెను. అది నాడు నెగ్గలేదు.

ఉపాధ్యాయులకు నచ్చునది మరియొకటి కలదు. ఇంతటి ఆచార్యుడు పారిస్‌లో ప్రాథమిక పాఠశాల బాలికలయెదుట నిలిచి, శిశువును పెంచు విధమును పాఠములుగా బోధించెను. ఆ పాఠములు 1904లో పుస్తకముగా వెలువడెను. తొంబది యేండ్లు జీవించి, 1934లో తాను పుట్టిన మేరీలోనే ఆయన కన్నుమూసెను.