రాష్ట్రపతి కాకముందు బడిపంతులు

రాజధానిలో విద్యా సదస్సులకు ఏనాడూ కొదవ లేదు. వాటిలో పిల్లల శీలనిర్మాణం గురించి ఎవరో ఒకరు ఆవేదన వెలిబుచ్చుతారు. నీతిబోధకు వారానికొక పీరియడు, ఒక వాచకం, చివర ఒక పరీక్ష కావాలంటారు. టీ వేళకు సభ ముగుస్తుంది. అటువంటి సభల నుంచి తిరిగి వచ్చేటప్పుడల్లా నాకు ఓఖ్లాలో, జామియా మిలియా ఆవరణలో ఉన్న డాక్టర్ జాకీర్ హుస్సేన్ సమాధి గుర్తుకు వస్తుంది.

ఆయనను మనవారు ఎక్కువగా 1967 ఎన్నిక సందర్భంలోనే తలచుకుంటారు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి వదలుకొని ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలిచిన మన కోకా సుబ్బారావు గారిని ఓడించి జాకీర్ హుస్సేన్ రాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూయగా, ఆ బాధ్యతలను తాత్కాలికంగా స్వీకరించినవారు వి.వి. గిరి గారు. అటుపై కాంగ్రెసు చీలిక దాకా నడిచిన కథ పాఠకులకు తెలిసినదే. ఆ సందడిలో ఆయన బడి జీవితం మరుగున పడింది.

జాకీర్ హుస్సేన్ 1897లో హైదరాబాదులో జన్మించారు. తండ్రి అక్కడ న్యాయవాది. పదేళ్ల ప్రాయంలో తండ్రి పోగా, కుటుంబం నేటి ఉత్తరప్రదేశ్‌లోని ఖాయంగంజ్‌కు చేరింది. అలీగఢ్‌లో ఉండగా 1920లో గాంధీజీ పిలుపు విని కళాశాల విడిచి, జామియా స్థాపనలో పాలు పంచుకున్నారు. బెర్లిన్‌లో డాక్టరేటు పొంది 1926లో తిరిగి వచ్చేసరికి, ఢిల్లీ కరోల్‌బాగ్‌కు తరలిన ఆ సంస్థ డబ్బు లేక మూతపడే స్థితిలో ఉంది. ఆయన, సహచరులు నెలకు 150 రూపాయలకు మించని జీతంతో 20 ఏళ్లు పనిచేస్తామని ప్రతిన పూనారు. ఆ మాత్రమైనా చేతికి రాని రోజులే ఎక్కువ.

అక్కడి చిన్న తరగతులలో పిల్లలే ఒక దుకాణం నడిపారు, పిల్లలే ఒక బ్యాంకు నడిపారు. లెక్క తప్పితే జవాబు చెప్పుకోవలసింది తోటివారికే. 1935లో ఓఖ్లాలో కొత్త భవనానికి పునాదిరాయి వేయించినప్పుడు ఏ నవాబునూ పిలువలేదు. బడిలో అందరికంటె చిన్నవాడి చేత వేయించారు. బూట్లు మురికిగా వేసుకొని వచ్చే విద్యార్థులకు ఎంత చెప్పినా ఫలితం లేకపోగా, ఒక ఉదయం జాకీర్ సాహెబు స్వయంగా పాలిషూ బ్రష్షూ పట్టుకొని ద్వారం వద్ద కూర్చున్నారని జామియాలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంకొక సంఘటన రాయడానికి నాకు కలం ఆడదు. ఒకనాడు ఫలితాలు ప్రకటించి పిల్లలకు మిఠాయి పంచుతున్నారు. ఆయన చిన్నారి కూతురు రెహానా చనిపోయిందని ఒకరు వచ్చి చెవిలో చెప్పారు. ముఖం పాలిపోయిందే తప్ప పంపకం ఆగలేదు. పిల్లల సంతోషాన్ని మధ్యలో చెరపబుద్ధి కాలేదట. తరువాత ఆయన పిల్లల కోసం రాసిన కథలు ఆ కూతురి పేరుతోనే వెలువడ్డాయి. అటువంటి నిగ్రహం మెచ్చదగినదా, ఇంట్లోవారికి కఠినమైనదా అనే ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు.

1937లో వార్ధా మహాసభ ఆయన అధ్యక్షతన నియమించిన సంఘం 7 నుంచి 14 ఏళ్ల వరకు అందరికీ నిర్బంధ విద్య ఉండాలనీ, అది చేతిపని కేంద్రంగా సాగాలనీ సిఫారసు చేసింది. పదకొండు, పన్నెండేళ్ల పిల్లవాడు పెద్దల మాటకూ చేతకూ నడుమ తేడాను పట్టే వయసులో ఉంటాడు. ఆ దశకు ముందే చదువు మాన్పించరాదనడంలో ఎంతో ఔచిత్యం ఉంది. పిల్లల చేతిపని నుంచి బడి ఖర్చు రాబట్టాలనే ఆశ ముదిరితే అది బాల కార్మికత్వంగా దిగజారుతుందని కూడా ఆయన శంకించారు. ఆ శంక నిరాధారం కాదు. ప్రభుత్వాల చేతికి వచ్చాక ఆ పథకంలో తకిలీ మిగిలింది, తాత్పర్యం పోయింది. బేసిక్ విద్య పేరుతో జరుగుతున్నది మోసమేనని 1950లలో ఆయనే బాహాటంగా అన్నారు. ఒక ఉపాధ్యాయుని నడవడిని సర్క్యులరు ద్వారా జిల్లాలకు పంపడం ఎవరికి సాధ్యం?

1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. నెహ్రూ, ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీ ఒకే వేదికపై కూర్చున్నారు. దేశమంతటా మత కలహాలు. ఈ మంటల నడుమ పిల్లలను మనుషులుగా పెంచడం తమకు ఎలా సాధ్యమని, ముందు మంట ఆర్పమని జాకీర్ హుస్సేన్ ఆ నాయకులను ప్రాధేయపడ్డారు. ఆర్పినవారు లేరు. మరుసటి ఏడు ఆగస్టులో కాశ్మీరుకు పోతూ జలంధర్ స్టేషన్‌లో మూకలకు చిక్కి చావు అంచు దాకా వెళ్లారు. ఆయనను కాపాడినవారు ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి. ఆ ఇద్దరూ ఏ ఊరి బడిలో, ఏ పంతులు వద్ద చదువుకున్నారో తెలుసుకోవాలని నాకు చాలాసార్లు అనిపించింది.