జలభయాన్ని జయించిన లూయీ పాశ్చరు

పిచ్చికుక్క కాటు అన్న మాట వింటేనే గుండె జల్లుమనని ఊరు లేదు. దాహంతో నాలుక పిడచకట్టుకొనిపోతున్నా, చెంబెడు నీళ్లు చూచి రోగి వణికిపోయే దృశ్యాన్ని ఒక్కసారి కన్నవారు జన్మలో మరువలేరు. లక్షణాలు పొడచూపిన తరువాత ఈ రోగంనుండి బ్రతికి బయటపడినవారు ప్రపంచం మొత్తంమీద బహు కొద్దిమంది. ఆదిలాబాదు జిల్లా ఉట్నూరు ప్రాంతపు గోండు, కొలాము గూడేలు మొదలుకొని మహానగరాల వీధుల వరకు ఈ భయం ఒక్కటే. అయినా కాటుపడిన వెంటనే తగిన చికిత్స పొందినవాడు నేడు నిశ్చింతగా ఇల్లు చేరుకోగలుగుతున్నాడు. మానవజాతికి ఆ ధైర్యాన్ని ప్రసాదించినవాడు లూయీ పాశ్చరు.

పాశ్చరు 1822 డిసెంబరు 27వ తేదీన ఫ్రాన్సుదేశంలోని డోల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి నెపోలియను సైన్యంలో పనిచేసినవాడు. తరువాత తోళ్లు పదునుచేసే వృత్తి చేపట్టి ఆర్బువా అనే చిన్న ఊరిలో స్థిరపడ్డాడు. 1831లో పిచ్చెత్తిన తోడేలొకటి ఆ ప్రాంతంమీద పడి పలువురిని కరచింది. ఆనాటికి తెలిసిన వైద్యం ఒక్కటే: కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుముతో గాయానికి వాత పెట్టడం. వాతలు తిన్నవారిలోనూ కొందరు మరణించారు. అప్పటికి పాశ్చరు తొమ్మిదేండ్లైనా నిండని బాలుడు.

రసాయన శాస్త్రజ్ఞుడుగా ఆయన జీవితం ప్రారంభమైంది. 1848లో టార్టారికామ్లపు స్ఫటికాలపై చేసిన పరిశోధనతో విద్వాంసుల దృష్టి నాకర్షించాడు. తరువాత ద్రాక్షరసం పులియడానికి, పాలు విరగడానికి సూక్ష్మజీవులే కారణమని నిరూపించాడు. 1865 మొదలు కొన్ని సంవత్సరాలు పట్టుపురుగుల తెగుళ్లపై పరిశ్రమించి, ఆ పరిశ్రమను నమ్ముకొన్న రైతులను ఆదుకొన్నాడు. ఈ విజయాల నడుమ ఇంట దుఃఖం వెన్నంటివచ్చింది. ముగ్గురు కుమార్తెలు ఒకరి తరువాత ఒకరు బాల్యంలోనే మరణించారు. 1868లో పక్షవాతంవల్ల ఆయన ఎడమభాగం చచ్చుపడింది. అయినా పని విడువలేదు. 1881లో గొర్రెలకు ఆంథ్రాక్సు రాకుండా టీకా వేయవచ్చునని బహిరంగంగా ప్రదర్శించి చూపాడు.

అంతకు ముందటి సంవత్సరాంతంలోనే ఆయన జలభయరోగంపై పరిశోధనకు పూనుకొన్నాడు. ఇక్కడ ఎదురైన కష్టం అపూర్వమైనది. ఈ రోగకారణం ఆనాటి సూక్ష్మదర్శినికి చిక్కనే లేదు. సీసాలో పెంచబోతే పెరుగలేదు. కంటికి కానరాని శత్రువును జంతుశరీరంలోనే పెంచవలసివచ్చింది. రోగం మెదడును, వెన్నుపామును ఆశ్రయిస్తుందని పాశ్చరు బృందం గుర్తించింది. ఎమిల్ రూ అనే సహాయకుడు జంతువు పుర్రెకు రంధ్రంచేసి, రోగపదార్థాన్ని నేరుగా మెదడుకు చేర్చే పద్ధతిని నేర్పుతో అమలుపరచాడు.

ఈ కృషిలో ఒక గొప్ప రహస్యం వెల్లడైంది. వీధికుక్కనుండి తీసిన విషాన్ని కుందేలుకు ఎక్కిస్తే రోగం బయటపడడానికి సుమారు రెండు వారాలు పట్టేది. ఆ కుందేలునుండి మరొకదానికి, దానినుండి ఇంకొకదానికి, ఇట్లు తొంభై పర్యాయాలదాకా మార్చుతూపోగా ఆ గడువు ఏడు దినాలకు తగ్గి అక్కడ నిలకడ చెందింది. వీధికుక్కల విషం వేరు, ప్రయోగశాలలో స్థిరపడిన విషం వేరు అని తేలింది. ఒకే రోగకారణంలో భిన్నమైన తీరులు ఉంటాయనీ, వాటిని మానవుడు మార్చగలడనీ దీనితో స్పష్టమైంది. చనిపోయిన కుందేలు వెన్నుపామును పొడిగాలిలో వ్రేలాడగట్టి ఆరబెడితే దానిశక్తి రోజురోజుకు క్షీణించేది. ముందు బలహీనమైనదానిని, క్రమంగా బలమైనదానిని ఇస్తే శరీరం ఎదిరించే శక్తిని అలవరచుకొంటుందని ఆయన భావించాడు. కరచిన తరువాత రోగం తలయెత్తడానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. ఆ వ్యవధిలో రోగాన్ని దాటి టీకా ముందుకు పోవాలి. ఇదే ఆయన ఆలోచనకు ప్రాణం.

1885 జూలై 6న అల్సేసునుండి జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేండ్ల బాలుణ్ణి తల్లి వెంటబెట్టుకొని వచ్చింది. పిచ్చికుక్క కరచి రెండు రోజులైంది. ఒంటిమీద పదునాలుగు గాయాలు. పాశ్చరు వైద్యుడు కాడు, సూది వేసే అధికారం ఆయనకు లేదు. బాలునికి మరణం తప్పదని ఇద్దరు వైద్యులు అభిప్రాయపడగా, వారిలో ఒకడైన గ్రాంషేచేత టీకా వేయించాడు. పదునైదు దినాలు ఆరిన పదార్థంతో ఆరంభించి, పది దినాలలో పదుమూడు పర్యాయాలు ఇచ్చారు. బాలుడు బ్రతికాడు. ఆ క్రమంలో కుక్కలపై ప్రయోగాలు అప్పటికింకా పూర్తికాలేదని, చాలాకాలం తరువాత పరిశోధకులకు అందిన ఆయన ప్రయోగశాల పుస్తకాలవల్ల తెలుస్తున్నది. ఆ సాహసం ఎంత ప్రమాదభరితమో దీనినిబట్టి గ్రహింపవచ్చు.

అదే సంవత్సరం నవంబరులో లూయీజ్ పెలెతియే అనే పదేండ్ల బాలికను కాటుపడిన ముప్పది ఏడవనాడు తీసుకొనివచ్చారు. కాలం మించిందని తెలిసికూడా పాశ్చరు కాదనలేకపోయాడు. ఆ బాలిక దక్కలేదు. వైద్యపరిషత్తులో ప్రత్యర్థులు ఆయన పద్ధతిని తీవ్రంగా ఖండించారు. అయితే 1886లో తోడేలు కాటుకు గురియై రష్యానుండి వచ్చిన పందొమ్మిదిమందిలో పదహారుగురు బ్రతికారు. దేశదేశాల ప్రజల విరాళాలతో 1888లో పారిసునగరంలో పాశ్చరు సంస్థ వెలసింది. 1895 సెప్టెంబరు 28న ఆయన కన్నుమూశాడు. ఆ సంస్థలోనే ఆయన సమాధి ఉంది.

ఆయన బాట మనదేశానికి త్వరలోనే చేరింది. 1900లో కసౌలిలో, 1907లో నీలగిరులలోని కూనూరులో పాశ్చరు సంస్థలు ఏర్పడ్డాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలు చేరియున్న మద్రాసు రాజధానికి కూనూరే దిక్కైంది. 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ గొర్రెమెదడుతో తయారుచేసిన టీకా దశాబ్దాలపాటు మనదేశంలో వాడుకలో ఉంది. బొడ్డుచుట్టూ పొడిచే ఆ పదునాలుగు సూదులు మన పెద్దలకు సుపరిచితాలే. కొందరిలో నరాల జబ్బుకు దారితీస్తున్నందున 2004 చివర ఆ తయారీని నిలిపివేశారు. నేడు కణవర్ధన పద్ధతిలో చేసిన టీకాను చేతికి కొద్ది మోతాదులలో ఇస్తున్నారు. అట్టి టీకా హైదరాబాదులోనే తయారవుతున్నది.

పాశ్చరు చూడలేని శత్రువును శాస్త్రజ్ఞులు 1960 దశకంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో తుపాకిగుండు ఆకారంలో చూచారు. ఇప్పుడు దాని జన్యులిపినే చదువుతున్నారు. సుమారు పన్నెండువేల అక్షరాలు, అయిదు జన్యువులు. అంతటితో దాని గ్రంథం సమాప్తం. నకలు తీసుకొనేటప్పుడు దొర్లే చిన్న తప్పులనుబట్టి ఏ వైరసు ఏ శాఖకు చెందినదో నిర్ణయిస్తారు. భారతదేశంలో వ్యాపించినవాటిలో ఉత్తరధ్రువ ప్రాంతపు నక్కలలోని వైరసుకు దగ్గరి చుట్టమైన శాఖ ఒకటి, దక్షిణభారత సింహళాలకు చెందిన శాఖ మరొకటి. ఒక ఊరి కుక్కలకు రోగం ఎక్కడినుండి వచ్చిందో, ఏ ప్రాంతపు కుక్కలకు ముందుగా టీకాలు వేయాలో తెలుసుకొనడానికి ఈ పరిజ్ఞానం తోడ్పడుతుంది. శాఖలు వేరైనా, ఇప్పటి టీకా వాటినన్నిటిని అడ్డుకోగలదు.

అయినప్పటికీ ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ రోగానికి బలియగుచున్నారని అంచనా. లోపమిక్కడ జ్ఞానంలో లేదు, దూరంలోను ఆలస్యంలోను ఉన్నది. అడవిదారులు దాటి ఆసుపత్రి చేరవలసిన ఉట్నూరు గూడెపు బిడ్డకు గడచే ప్రతిదినమూ విలువైనదే. పసరుమందులకు, మంత్రాలకు పోగొట్టే కాలం తిరిగిరాదు. కాటుపడిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదునైదు నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఉపాధ్యాయులు ఈ ఒక్క సంగతిని తరగతిలోని ప్రతి బాలునికి, బాలికకు నేర్పితే, పాశ్చరు జీవితాన్ని పాఠంగా చెప్పిన ప్రయోజనం నెరవేరుతుంది.